ఎర మందా, పుట్టలో పోసే మందా, మరిగే నీళ్లా? ఫైర్ యాంట్స్‌కి ఏది మేలు?

లాన్‌లో పొడి పొడిగా మట్టి గుట్ట లేచి, దాని నడినెత్తిన రంధ్రమేమీ కనిపించకపోతే, అది ఫైర్ యాంట్స్ పుట్ట కావచ్చు. పొడవాటి పుల్లతో కాస్త కదిపితే చాలు, ఎర్ర చీమలు గుంపుగా పుల్ల పట్టుకుని పైకి ఎగబాకుతాయి. కుట్టిన చోట మంట, మరునాటికల్లా తెల్లటి చీము పొక్కు. పిల్లలు ఆడుకునే చోట ఇలాంటి పుట్ట ఉంటే ఎవరికైనా టెన్షనే. అందుకే చాలామంది చేతికందిన మందు తెచ్చి గుమ్మరించేస్తారు.

నన్నడిగితే, లాన్ నిండా అక్కడక్కడా పుట్టలుంటే ఎర మందే మేలు. మన పోరాటం పైన తిరిగే చీమలతో కాదు, లోపలున్న రాణితో. కొన్ని పుట్టల్లో ఒకటి కాదు, చాలా రాణులుంటాయి. పైపైన మందు చల్లితే కూలి చీమలు చస్తాయి, రాణి బతుకుతుంది. కొన్నాళ్లకు పక్కనే మరో గుట్ట లేస్తుంది.

ఎర మందు పనిచేసే తీరే వేరు. సోయా నూనెలో కలిపిన మందును మొక్కజొన్న నూకకు పట్టిస్తారు. కూలి చీమలు గట్టి తిండి మింగలేవు. ఆ నూకను లోపలికి మోసుకెళ్లి, ఎదిగిన లార్వాలకు పెడతాయి. అవి దాన్ని అరిగించి ద్రవంగా తిరిగి ఇస్తాయి, అది నోటి నుంచి నోటికి పాకి చివరికి రాణికి చేరుతుంది. మందు నిదానంగా చంపాలి, లేకపోతే మోసే చీమ దారిలోనే చస్తుంది. కాబట్టి ఓపిక పట్టాలి. కొన్ని ఎరలకు వారాలు చాలు, గుడ్లు, పిల్లల ఎదుగుదలను ఆపే రకాలకు నెలలు పడుతుంది.

ఎర విఫలమైందనే వాళ్లలో చాలామంది వేసిన వేళే తప్పు. నేల పొడిగా ఉండాలి, ఒక రోజు దాకా వాన పడకూడదు, నీళ్లు పెట్టకూడదు. నేల వేడి 21 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే చీమలు బాగా మేతకు తిరుగుతాయి. ఒక ఆలూ చిప్ పుట్ట దగ్గర పెట్టి అరగంట ఆగండి. చీమలు మూగితే అదే అదను. పుట్ట నెత్తిన పోయకండి, కదపకండి, చుట్టూ చల్లండి. నూనె చెడిన వాసన కొట్టే పాత డబ్బా వాడొద్దు, ఎరువుతో కలిపి చల్లొద్దు.

అయితే గుమ్మం పక్కనే పుట్ట ఉంటే వారాలు ఆగలేం. అప్పుడు నీళ్లలో కలిపి పుట్టలో పోసే మందే దారి. డబ్బా మీద చెప్పినంత నీరు పూర్తిగా పోయాలి, తక్కువైతే అడుగుదాకా దిగదు. మొత్తం లాన్ అంతా ఇలా తడపడం మాత్రం వద్దు. స్థానిక చీమలు కూడా చస్తే, ఆ ఖాళీని మళ్లీ ఫైర్ యాంట్సే ఆక్రమిస్తాయి.

మరిగే నీళ్లు మందు లేని దారి. పుట్టకు 10 లీటర్లకు పైగా కావాలి, సుమారు పదింట ఆరు పుట్టలు పోతాయి. మిగతావాటికి మళ్లీ పోయాలి. గడ్డీ వేళ్లూ ఉడికిపోతాయి, కాళ్ల మీద పడితే మనకే ప్రమాదం. ఒకటో రెండో పుట్టలున్న చోట, మొక్కలకు దూరంగా ఐతే సరే. పెట్రోలు పోయడం మాత్రం అస్సలు వద్దు, నిప్పు భయం, నేల పాడవడం, రెండూ ఖాయం.

రెండు పద్ధతులూ కలపాలనుకుంటే ముందు లాన్ అంతా ఎర చల్లి, కొన్ని రోజులాగాక, ఇబ్బంది పెట్టే పుట్టల్లో మందు పోయండి. తలకిందులుగా చేస్తే బెదిరిన చీమలు ఎర ముట్టవు. కూరగాయల మడుల్లో మాత్రం, అక్కడ వాడొచ్చని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న ఎరనే వాడాలి. స్పైనోసాడ్ అనే మందు ఉన్న ఎరల్లో అలాంటివి దొరుకుతాయి.