పీజీ_రివైండ్: పాత ప్రైమరీని మళ్లీ స్టాండ్‌బైగా నిలబెట్టాలంటే ఇదే

డేటాబేస్ ప్రధాన సర్వర్ (ప్రైమరీ) పడిపోతే దాని నకలు సర్వర్ (స్టాండ్‌బై) ఆ స్థానంలోకి రావడమే ఫెయిలోవర్. అది ఆటోమేటిక్‌గా జరిగి యాప్ నడవడం మొదలైతే మేనేజర్లకు ఆ రాత్రి గొడవ అక్కడితో తీరిపోతుంది. స్టాండ్‌బై లేకుండా కొత్త ప్రైమరీ ఒక్కటే నడుస్తున్నంతసేపూ నాకు మాత్రం టెన్షనే. అదీ పడిపోతే ఇక దిక్కెవరు?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్లు చూసుకునే నాకు ఆ సమయంలో అక్కరకొచ్చేది పీజీ_రివైండ్ అనే టూల్. 9.5 వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌తోనే వస్తోంది, పైసా ఖర్చు లేదు. రెండు సర్వర్ల దారులు ఎక్కడ వేరుపడ్డాయో చూసి, ఆ తర్వాత పాతదాంట్లో మారిన బ్లాకులను కొత్త ప్రైమరీ నుంచి తెచ్చి సరిచేస్తుంది. మాది 2 టెరాబైట్ల డేటాబేస్. బేస్ బ్యాకప్ (మొత్తం డేటా కాపీ) మొదటి నుంచి తీస్తే తెల్లారిపోతుంది. ఇది టీ తాగి వచ్చేలోపు అయిపోయింది.

మొన్న నెట్‌వర్క్ స్విచ్ పోయి ఫెయిలోవర్ అయినప్పుడు మా టీమ్‌లోని కడప కుర్రాడు, "అన్నా, పాత సర్వర్ స్టార్ట్ చేసేయనా?" అన్నాడు. "ఆగు తమ్ముడూ! అది ఇంకా ప్రైమరీ అనుకునే లేస్తుంది. ముందు డ్రై రన్ పెట్టు" అన్నాను. అంటే ఏమీ మార్చకుండా ఉత్తుత్తిగా నడిపి చూడటం. టైమ్‌లైన్ 3 (డేటాబేస్ చరిత్రలో ఒక శాఖ) మీద రెండు సర్వర్లూ ఎక్కడ విడిపోయాయో స్క్రీన్ మీద చూపించింది. తర్వాత అసలు రన్, చివర్లో 'డన్!'. 13వ వెర్షన్ నుంచి వచ్చిన మైనస్ ఆర్ (-R) ఆప్షన్ ఇస్తే స్టాండ్‌బై సెట్టింగులు కూడా అదే రాసిపెడుతుంది. సర్వర్ లేపాక రెప్లికేషన్ వ్యూలో (నకలు ఎలా నడుస్తోందో చూపే పట్టికలో) 'స్ట్రీమింగ్' అని కనిపించాకే కుర్చీలో వెనక్కి వాలాను.

అయితే డేటా చెక్‌సమ్స్ (డేటా చెడిందేమో పట్టిచ్చే అంకెలు) గానీ, వాల్_లాగ్_హింట్స్ (చిన్న మార్పులనూ లాగ్‌లో రాయించే సెట్టింగ్) గానీ ముందే ఆన్‌లో ఉండాలి. లేకపోతే మొహం మీదే కాదనేస్తుంది. 18వ వెర్షన్‌లో కొత్తగా పెట్టే క్లస్టర్లకు (ఒక పోస్ట్‌గ్రెస్ సర్వర్ కింద నడిచే డేటాబేసులకు) చెక్‌సమ్స్ వాటంతట అవే ఆన్ అవుతాయి. పాత క్లస్టర్లు ఉన్నవాళ్లు ఈ వారమే చూసుకోండి.

నాకు నచ్చనిది ఒకటుంది. అసింక్ రెప్లికేషన్‌లో (స్టాండ్‌బైకి చేరేదాకా ప్రైమరీ ఆగని పద్ధతిలో) స్టాండ్‌బైకి చేరని ట్రాన్సాక్షన్లు పాత సర్వర్‌లో మిగిలి ఉంటాయి. వాటిని ఒక్క మాటైనా చెప్పకుండా చెరిపేస్తుంది. అవి ఎవరో కట్టిన డబ్బులు కావచ్చు! అందుకే రివైండ్‌కి ముందు పాత సర్వర్ డేటా డైరెక్టరీకి స్నాప్‌షాట్ (అప్పటి స్థితికి కాపీ) తీసి పెట్టుకోవాల్సిందే. పైగా మధ్యలో ఫెయిలైతే ఆ డైరెక్టరీ పనికిరాకుండా పోవచ్చు, అప్పుడు బేస్ బ్యాకప్పే గతి.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు కోసిందీ చెప్పకుండా చెరిపినందుకే.