కోర్‌ఇన్ఫో: సెటప్ ఎందుకు మొరాయిస్తోందో చెప్పే చిన్న టూల్

పాత కంప్యూటర్‌లో ఏదైనా సాఫ్ట్‌వేర్ ఎక్కకపోతే చాలామంది ముందు ఫైల్‌ని మళ్లీ డౌన్‌లోడ్ చేస్తారు. తర్వాత యాంటీవైరస్ ఆపుతారు. అప్పటికీ కాకపోతే విండోస్‌నే మళ్లీ వేస్తారు. మెషీన్‌కి పదేళ్లు దాటితే ఈ మూడింటి కంటే ముందు నడపాల్సింది కోర్‌ఇన్ఫో. ప్రాసెసర్‌కి ఏ ఇన్‌స్ట్రక్షన్లు (అది నేరుగా అమలు చేయగల ఆదేశాలు) తెలుసో ఇది జాబితా ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి సిసింటర్నల్స్ అనే టూల్స్ సెట్‌లో ఇదొకటి, ఉచితం. ఇన్‌స్టాల్ అక్కర్లేదు, జిప్ విప్పుకుంటే చాలు.

డబుల్ క్లిక్ చేస్తే నల్ల కిటికీ ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. టూల్ పాడైందనుకుని డిలీట్ చేసేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఆ ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, 64 బిట్ విండోస్ అయితే కోర్‌ఇన్ఫో64, 32 బిట్ అయితే ఉత్త కోర్‌ఇన్ఫో అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్ ఎఫ్ చేర్చాలి. మొదటిసారి లైసెన్సు కిటికీ వస్తుంది, ఒప్పుకోవాలి. జాబితా పొడుగ్గా వస్తుంది కాబట్టి కమాండ్ చివర గ్రేటర్ దాన్ గుర్తు, ఒక ఫైల్ పేరు ఇస్తే అంతా అందులోకి వెళ్తుంది. నోట్‌ప్యాడ్‌లో తీరిగ్గా వెతుక్కోవచ్చు.

ప్రతి వరుసలో ఫీచర్ పొట్టి పేరు, పక్కన నక్షత్రం గుర్తో చిన్న గీతో, ఆ తర్వాత వివరణ ఉంటాయి. నక్షత్రం ఉంటే ప్రాసెసర్‌కి ఆ ఇన్‌స్ట్రక్షన్ తెలుసు. గీత ఉంటే తెలియదు.

2008 నాటి కోర్ 2 డ్యూయో ఈ8400 ప్రాసెసర్ సంగతి చూడండి. ఎస్‌ఎస్‌ఈ4.1 దగ్గర నక్షత్రం, ఎస్‌ఎస్‌ఈ4.2 దగ్గర గీత, పిఓపిసిఎన్‌టి దగ్గరా గీతే (ఇవన్నీ ఇన్‌స్ట్రక్షన్ల పేర్లే). విండోస్ 11లో 24హెచ్‌2 వెర్షన్ నుంచి, గీత పడ్డ ఈ రెండిట్లో ఏది లేకపోయినా సిస్టమ్ బూటే అవదు. రూఫస్ అనే టూల్‌తో బూట్ అయ్యే పెన్ డ్రైవ్ చేసినా, సెటప్‌లో షిఫ్ట్ ఎఫ్10 కొట్టి రిజిస్ట్రీలో ల్యాబ్‌కాన్ఫిగ్ కీ కింద బైపాస్ విలువలు పెట్టినా లాభం లేదు. అవి సెటప్ చేసే తనిఖీని దాటిస్తాయి, అంతే. ప్రాసెసర్‌కి రాని ఇన్‌స్ట్రక్షన్‌ని నేర్పలేవు.

2017లో వచ్చిన ఇంటెల్ ఐ7-7700 ప్రాసెసర్ కథ వేరు. పై వరుసలన్నిటికీ నక్షత్రాలే ఉంటాయి, అయినా విండోస్ 11 సెటప్ కుదరదంటుంది. కారణం మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ప్రాసెసర్ల జాబితా. ఇంటెల్‌లో అది కొన్ని మినహాయింపులు వదిలేస్తే 8వ తరం నుంచే మొదలవుతుంది. ఇక్కడ బైపాస్ పనిచేస్తుంది, కానీ అప్‌డేట్లకు మైక్రోసాఫ్ట్ హామీ ఉండదు. తెరమీద రెండు మెషీన్లకూ దాదాపు ఒకే మాట కనబడుతుంది. తేడా పట్టిచ్చేది ఈ గీతలే, ఈ టూల్ విలువంతా అందులోనే ఉంది.

అయితే గీత కనబడగానే ప్రతిసారీ ఆశ వదులుకోనక్కర్లేదు. ఎన్‌ఎక్స్ (డేటా ఉన్న మెమరీలో కోడ్ నడవకుండా ఆపే రక్షణ) వరుసలో గీత ఉంటే ముందు బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్లాలి. ఎగ్జిక్యూట్ డిజేబుల్ బిట్ అనో, నో ఎగ్జిక్యూట్ మెమరీ ప్రొటెక్ట్ అనో ఒక ఆప్షన్ ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేసి, సేవ్ చేసి, మెషీన్ పూర్తిగా ఆపి మళ్లీ వేయాలి. విండోస్ 8 నుంచి పిఏఈ, ఎన్‌ఎక్స్, ఎస్‌ఎస్‌ఈ2 అనే ప్రాసెసర్ ఫీచర్లు మూడూ తప్పనిసరి. ఆ సెటప్‌లో వచ్చే 0ఎక్స్5డి ఎర్రర్ చాలాసార్లు ఈ ఒక్క స్విచ్ వల్లే. ఇంటెల్ వర్చువలైజేషన్‌ని (ఒక మెషీన్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే సదుపాయాన్ని) చూపే విఎంఎక్స్ వరుస కూడా తప్పుదారి పట్టిస్తుంది. విండోస్‌లోనే ఉండే వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ హైపర్-వి నడుస్తుంటే ప్రాసెసర్‌కి వర్చువలైజేషన్ ఉన్నా అక్కడ గీతే చూపిస్తుంది. దాన్ని టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో చూడటం మేలు.

ఒకేసారి చాలా లెక్కలు చేసే ఏవీఎక్స్ ఇన్‌స్ట్రక్షన్లతో వచ్చే చిక్కు ఇంకోరకం. ఇంటెల్‌లో 2011లో శాండీ బ్రిడ్జ్‌తో వచ్చిందిది. కానీ అదే తరం పెంటియం, సెలెరాన్‌లలో లేదు, కాబట్టి కొన్న ఏడాదిని బట్టి లెక్క వేస్తే దెబ్బతింటారు. ఏవీఎక్స్ దగ్గర నక్షత్రం ఉండి ఓఎస్‌ఎక్స్‌సేవ్ (ఏవీఎక్స్ వాడకానికి విండోస్ సిద్ధంగా ఉందో లేదో చెప్పే వరుస) దగ్గర గీత ఉంటే తప్పు విండోస్‌ది. విండోస్ 7కి సర్వీస్ ప్యాక్ 1 వేయకపోతే ఇలాగే అవుతుంది. ఏవీఎక్స్ అసలే లేకపోతే పాత వెర్షన్‌కి వెళ్లాలి: మెషీన్ లెర్నింగ్‌కి వాడే టెన్సర్‌ఫ్లో రెడీమేడ్ ప్యాకేజీ అయితే 1.5, మాంగోడీబీ డేటాబేస్ అయితే 4.4.

కోర్‌ఇన్ఫోలో పెద్ద లోటు ఒకటుంది. ప్రాసెసర్ దగ్గర ఏముందో చెబుతుంది గానీ, సాఫ్ట్‌వేర్‌కి ఏం కావాలో చెప్పదు. అందుకే ముందు విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి, ఐడి 1000 ఉన్న ఎర్రర్‌లో ఎక్సెప్షన్ కోడ్ చూడాలి. 0ఎక్స్‌సి000001డి అయితే ప్రాసెసర్‌కి తెలియని ఇన్‌స్ట్రక్షన్ ఎదురైందన్నమాట, అప్పుడు కోర్‌ఇన్ఫో నడపాలి. సెటప్ మొదట్లోనే 0ఎక్స్‌సి000007బి వస్తే అది సాధారణంగా 32 బిట్, 64 బిట్ డీఎల్‌ఎల్ ఫైళ్లు (ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైళ్లు) కలగాపులగం కావడం. దానికి ప్రాసెసర్‌ని తిట్టి ప్రయోజనం లేదు.

నల్ల కిటికీ అంటే భయపడేవాళ్లకు సిపియు-జెడ్ అనే టూల్ నయం. మొదటి ట్యాబ్‌లో ఇన్‌స్ట్రక్షన్స్ అనే పెట్టెలో ఎస్‌ఎస్‌ఈ4.2, ఏవీఎక్స్ వరుసగా రాసి ఉంటాయి, ఒక్క చూపులో తేలిపోతుంది. 64 బిట్ విండోస్ 8.1 అడిగే సిఎంపిఎక్స్‌సిహెచ్‌జి16బి, లాఫ్-సాఫ్ లాంటి ఇన్‌స్ట్రక్షన్లు మాత్రం అందులో దొరకవు. వాటికి కోర్‌ఇన్ఫోయే దిక్కు, మొదటిదాన్ని సిఎక్స్16 అనే పేరుతో వెతకాలి.

మెషీన్‌లో విండోసే లేకపోతే ఈ టూల్ పనికిరాదు. లైనక్స్ లైవ్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి, టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సిపియు కొట్టి, ఫ్లాగ్స్ వరుస చదవాలి. ఎస్‌ఎస్‌ఈ4.2లో చుక్క బదులు అండర్‌స్కోర్ ఉంటుంది. ఎస్‌ఎస్‌ఈ3 మాత్రం ఆ పేరుతో కనబడదు, పిఎన్‌ఐ అని ఉంటుంది. అది తెలియక ఉన్నదాన్ని లేదనుకుని మెషీన్‌ని మూలన పడేయకండి.