పాక్ లైనా, 2-3 జోనా: బెనెట్ వర్జీనియా, బేహైమ్ సిరక్యూస్‌లలో ఏది మేలు?

2016 మార్చి 27, షికాగో. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్. గెలిచినవాళ్లు ఫైనల్ ఫోర్‌కి, అంటే సెమీఫైనల్స్‌కి, వెళ్తారు. ఒక పక్క ఒకటో సీడ్ వర్జీనియా. ఇంకో పక్క పదో సీడ్ సిరక్యూస్, అసలు ఎన్‌సీఏఏ టోర్నీకి (అమెరికా కాలేజీల జాతీయ టోర్నీ) పిలుపు వస్తుందా రాదా అని చివరిదాకా ఎదురుచూసిన టీమ్. తొమ్మిదిన్నర నిమిషాల ఆట మిగిలి ఉండగా స్కోరు 54-39. టోనీ బెనెట్ కోచ్‌గా ఉన్న వర్జీనియా 15 పాయింట్లు ముందుంటే ఎదుటివాళ్లు మూటాముల్లె సర్దుకోవాల్సిందే అనుకునే రోజులవి. అక్కడి నుంచి సిరక్యూస్ 25 పాయింట్లు కొట్టేలోపు వర్జీనియా కొట్టింది నాలుగు. చివరికి 68-62తో సిరక్యూస్ గెలిచింది.

ఈ మ్యాచ్ చూపించి సిరక్యూస్ జోన్ డిఫెన్స్ ముందు వర్జీనియా పాక్ లైన్ డిఫెన్స్ నిలవదని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఆ నిమిషాల్లో ఆట తిప్పింది జోన్ కాదు. సిరక్యూస్ కోచ్ జిమ్ బేహైమ్ కోర్టు పొడవునా ప్రెస్ పెట్టించారు, అంటే బాల్ అందుకున్న చోటి నుంచే వెంటపడి ఒత్తిడి. తాపీగా నడిచొచ్చి 25 సెకన్లు బాల్ తిప్పి షాట్ వేసే అలవాటున్న వర్జీనియా పరుగు పెట్టాల్సి వచ్చింది. తొందరలో వేసిన షాట్లు పోయాయి, బాల్ చేజారింది. అవతల మలాకీ రిచర్డ్‌సన్ తన 23 పాయింట్లలో 21 రెండో సగంలోనే కొట్టాడు. అంటే ఓడింది వర్జీనియా డిఫెన్స్ కన్నా ముందు దాని వేగం. ఈ సంగతి మళ్లీ అవసరం పడుతుంది.

రెండూ కాపాడేది ఒకటే చోటు

పైకి పాక్ లైన్ మ్యాన్ టు మ్యాన్ (ఒక్కొక్కరు ఒక్కో మనిషిని కాయడం), ఇంకొకటి జోన్ (చోటుని కాయడం). లోపల చూస్తే రెండింటి లెక్కా ఒకటే: రింగ్ దగ్గర తేలిక షాట్ ఇవ్వకు, కొడితే దూరం నుంచి కొట్టుకోనీ. తేడా అంతా ఆ పని ఎవరి మీద పడుతుంది, తప్పు ఎక్కడ జరుగుతుంది అన్నదాంట్లో ఉంది.

పాక్ లైన్‌ని తీర్చిదిద్దింది టోనీ తండ్రి డిక్ బెనెట్, విస్కాన్సిన్ రాష్ట్రంలో కోచ్‌గా ఉన్నప్పుడు. రింగ్ నుంచి సుమారు 16 అడుగుల దూరంలో ఒక అర్ధచంద్రం ఉందనుకోవాలి. బాల్ ఎవరి చేతిలో ఉందో వాడిమీద ఒక్కడు గట్టిగా ఒత్తిడి పెడతాడు. మిగతా నలుగురూ ఆ గీత లోపలే ఉంటారు. తమ మనిషిని అంటిపెట్టుకోరు, పాస్‌కి అడ్డంగా చెయ్యి పెట్టరు. బాల్‌కీ తమ మనిషికీ మధ్య సందులో నిలబడతారు. డ్రిబుల్ చేస్తూ దూసుకొచ్చినవాడికి ఎటు చూసినా ఒక భుజం తగులుతుంది. బేస్‌లైన్ వైపు మాత్రం దారి ఇవ్వకూడదు, ఎందుకంటే సాయం చేసేవాళ్లంతా మధ్యలో ఉన్నారు. రింగ్ దగ్గర పోస్ట్‌లోకి బాల్ వెళ్తే రెండో పొడుగువాడు వచ్చి ఇద్దరూ కలిసి మూసేస్తారు. ఎదుటివాళ్లు స్క్రీన్ పెడితే, అంటే కాపలా ఉన్నవాడికి ఒళ్లు అడ్డుపెడితే, పొడుగువాడు బాల్ ముందుకి బయటికొచ్చి అడ్డుపడి, మళ్లీ వెనక్కి పరుగెత్తుతాడు.

అసలు కష్టం క్లోజౌట్‌లో, అంటే బాల్ అందుకునేవాడి మీదకి పరుగెత్తడంలో, ఉంది. పాస్ గాల్లో ఉండగానే గీత లోపలివాడు బయటికి దూకాలి. రెండు పెద్ద అడుగులు, ఆ తర్వాత చిన్నచిన్న అడుగులు, చేతులు పైకి, నడుము వెనక్కి. ఒక్క అడుగు ఆలస్యమైతే త్రీ (మూడు పాయింట్ల దూరపు షాట్) పడుతుంది. ఒక్క అడుగు ఎక్కువ దూకితే పక్కనుంచి దూసుకుపోతాడు. గంటలకొద్దీ ప్రాక్టీస్ దీనికే పోతుంది.

బేహైమ్ 2-3 జోన్‌లో మనిషి కాదు, చోటు ముఖ్యం. పైన ఇద్దరు గార్డులు, కింద రెండు పక్కలా ఫార్వర్డులు, మధ్యలో సెంటర్. పేరుకి ఇది ఎలిమెంటరీ పాఠమే, స్కూలు టీమ్‌లు కూడా ఆడతాయి. సిరక్యూస్‌ది అదే అనుకుంటే పొరపాటు. అక్కడ వింగ్ (కోర్టు పక్కభాగం) మీదకి పాస్ వెళ్లగానే కింది ఫార్వర్డ్ పైకి పరుగెత్తి అందుకుంటాడు. గార్డు వచ్చి భుజం తట్టినట్టు ఆ మనిషిని తను తీసుకుంటాడు, ఫార్వర్డ్ మళ్లీ కార్నర్‌కి జారుకుంటాడు. ఈ మార్పిడి సెకనులోపు అయిపోవాలి. సెంటర్ రింగ్ ముందు నిలబడి అందరికీ కేకలు వేస్తూ ఉంటాడు. కాలేజీ నియమాల్లోనూ ఫీబా (అంతర్జాతీయ సమాఖ్య) నియమాల్లోనూ డిఫెన్స్ ఆటగాడు పెయింట్‌లో, అంటే రింగ్ ముందున్న రంగు భాగంలో, ఎంతసేపైనా నిలబడొచ్చు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో తను కాపలా కాసే మనిషి దగ్గర్లో లేకుండా మూడు సెకన్లు దాటకూడదు. ఇలాంటి జోన్ అక్కడ కనిపించకపోవడానికి ఇదొక కారణం.

ఇదంతా నడవాలంటే పొడుగు కావాలి. 2013లో ఫైనల్ ఫోర్ చేరిన టీమ్‌లో పైన నిలబడ్డ గార్డులు మైకేల్ కార్టర్-విలియమ్స్ 6 అడుగుల 6 అంగుళాలు, బ్రాండన్ ట్రిష్ 6 అడుగుల 4 అంగుళాలు. వాళ్లు చేతులు చాపితే పాస్ వెళ్లే దారే కనిపించదు. ఆ ఏడాది మార్కెట్ టీమ్‌ని 39 పాయింట్లకు కట్టేశారు. 2003 ఫైనల్లో చివరి క్షణాల్లో కాన్సస్ ఆటగాడు మైకేల్ లీ కార్నర్ నుంచి త్రీ వేస్తే, లోపలినుంచి దూకిన హకీమ్ వారిక్ దాన్ని బ్లాక్ చేసి 81-78తో కప్పు నిలబెట్టాడు. పుస్తకం ప్రకారం 2-3 జోన్‌లో ఆ కార్నర్ ఖాళీ. బేహైమ్ సిరక్యూస్‌లో ఆ ఖాళీని చేతులు పూడ్చేవి.

ఏది ఎక్కడ చిరుగుతుంది

జోన్‌కి ప్రాణం తీసే చోటు ఫ్రీ త్రో గీత మధ్యభాగం, హై పోస్ట్. అక్కడ నిలబడ్డవాడు ఎవరి మనిషి? పైన గార్డులదీ కాదు, వెనక సెంటర్‌దీ పూర్తిగా కాదు. 2013 ఫైనల్ ఫోర్‌లో మిషిగన్ చేసింది అదే. మిచ్ మెక్‌గేరీ అనే పొడుగువాణ్ని ఆ చోట నిలబెట్టి బాల్ అతని చేతికిచ్చారు. సెంటర్ ముందుకొస్తే వెనక్కి పాస్, రాకపోతే అక్కణ్నుంచే షాట్, ఫార్వర్డ్ లోపలికి ముడుచుకుంటే కార్నర్‌కి పాస్. అతను 10 పాయింట్లు, 12 రీబౌండ్లతో పాటు 6 అసిస్టులు కూడా అందించాడు. సెంటర్ పొజిషన్ ఆటగాడికి ఆరు అసిస్టులంటే జోన్ ఎక్కడ చిరిగిందో స్కోర్‌షీటే చెబుతోంది. మిషిగన్ 61-56తో గెలిచింది.

రెండో లోపం రీబౌండ్. మ్యాన్‌లో షాట్ వెయ్యగానే ఎవడి మనిషికి వాడు వీపు ఆనించి బయటికి నెడతాడు. జోన్‌లో ఎదురుగా మనిషి ఉండడు, వెతుక్కోవాలి. వెతుక్కునేలోపు అవతలివాడు లోపలికి వచ్చేస్తాడు. 25 సెకన్లు చక్కగా ఆడిన డిఫెన్స్ ఫలితం అంతా అక్కడే పోతుంది.

పాక్ లైన్ చిరిగితే ఎలా ఉంటుందో 2018 మార్చి 16న షార్లట్‌లో ప్రపంచమంతా చూసింది. అప్పటిదాకా పురుషుల టోర్నీలో ఒకటో సీడ్‌ల మీద పదహారో సీడ్‌ల రికార్డు 0-135, అంటే 135 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపూ లేదు. టోర్నీ మొత్తానికి మొదటి సీడ్ అయిన వర్జీనియాని యూఎంబీసీ, అంటే బాల్టిమోర్ కౌంటీలోని మేరీల్యాండ్ యూనివర్సిటీ, 74-54తో చిత్తు చేసింది. సగం ఆటకి స్కోరు 21-21. రెండో సగంలో యూఎంబీసీ 53 కొట్టింది. వాళ్లు వేసిన 24 త్రీలలో 12 పడ్డాయి. వర్జీనియా వేసిన 22లో పడ్డవి 4. ఒకరిమీద ఒకరు ఆడి లోపలికి ఎవర్నైనా లాగగల డీఆండ్రే హంటర్ మణికట్టు దెబ్బతో ఆ టోర్నీకే లేడు.

ఇక్కడే వేగం సంగతి మళ్లీ వస్తుంది. బెనెట్ కాలంలో వర్జీనియా మ్యాచ్‌లో ఒక్కో టీమ్‌కి బాల్‌తో దాడి చేసే అవకాశాలు సుమారు 60 వచ్చేవి, మామూలు టీమ్‌లకి 70 దాకా వస్తాయి. బలమైనవాడికి ఆట ఎంత పొడుగైతే అంత లాభం, అదృష్టం సర్దుకుంటుంది. అవకాశాలు తగ్గించేకొద్దీ బలహీనుడికి మేలు. బెనెట్ ఏళ్లతరబడి తనకన్నా తక్కువ టీమ్‌లకి ఈ మేలు చేస్తూ వచ్చారు. పైగా వెనకబడినప్పుడు వేగం పెంచే అలవాటు ఆ టీమ్‌కి లేదు. పాక్ లైన్ తప్పనిసరిగా నెమ్మది ఆటతోనే ముడిపడి ఉండాలన్న రూలేమీ లేదు, ఇది బెనెట్ ఎంపిక.

2019లో ఆయన కొంత మారారు. పాత బ్లాకర్-మూవర్ ఎటాక్‌తో (కొందరు స్క్రీన్లు పెడితే మిగతావాళ్లు వాటి చుట్టూ పరుగెత్తడం) పాటు బాల్ ఉన్నవాడికి పెట్టే స్క్రీన్లు ఎక్కువ వాడి ముగ్గురు షూటర్లకి దారులు తెరిచారు. పర్డ్యూ మీద మమాడీ డియాకిటే చివరి క్షణం షాట్, ఆబర్న్ మీద 0.6 సెకన్లు ఉండగా కైల్ గై వేసిన మూడు ఫ్రీ త్రోలు, ఫైనల్లో టెక్సాస్ టెక్ మీద ఓవర్‌టైమ్‌లో 85-77. హంటర్ ఆ ఫైనల్లో 27 కొట్టాడు. వర్జీనియాకి అదే మొదటి టైటిల్.

ఇంకో చిన్న విషయం, పెద్దగా ఎవరూ పట్టించుకోనిది. ఆ 2019 సీజన్‌దాకా కాలేజీ త్రీ పాయింట్ గీత 20 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉండేది. తర్వాతి సీజన్ నుంచి 22 అడుగుల 1¾ అంగుళాలు, అంటే ఫీబా వాళ్ల 6.75 మీటర్లు. క్లోజౌట్‌కి దూకాల్సిన దూరం నలభై సెంటీమీటర్లకి పైగా పెరిగింది. 2019 తర్వాత బెనెట్ ఉన్నన్నాళ్లూ వర్జీనియా టోర్నీలో ఒక్క మ్యాచ్ గెలవలేదు: 2021లో ఒహాయో, 2023లో 68-67తో ఫర్మన్, 2024లో 67-42తో కొలరాడో స్టేట్ ఇంటికి పంపాయి. గీత జరగడమే కారణమని అనలేం, ఆ టీమ్‌లలో షూటర్లూ తగ్గారు. కానీ లోపలికి ముడుచుకునే డిఫెన్స్‌కి దూరపు గీత చుట్టం కాదు.

ఇద్దరు కోచ్‌లు, రెండు రకాల రికార్డు

బేహైమ్ 1962లో స్కాలర్‌షిప్ లేకుండా సిరక్యూస్ టీమ్‌లో చేరి, 1976లో అక్కడే హెడ్ కోచ్ అయి, 2023దాకా 47 సీజన్లు ఉన్నారు. ఐదు ఫైనల్ ఫోర్‌లు, ఒక టైటిల్. కోర్టులో గెలిచినవి 1,116. నియమాల ఉల్లంఘన కింద 2015లో ఎన్‌సీఏఏ 101 విజయాలు కొట్టేయడంతో పుస్తకాల్లో 1,015. బెనెట్ 2009లో వర్జీనియాకి వచ్చి 15 సీజన్లలో 364 గెలిచి 136 ఓడారు. తమాషా ఏమిటంటే, ఆటగాడిగా ఆయన త్రీ పాయింట్ సగటు 49.7 శాతం. అలాంటి షూటర్ పట్టుకున్న డిఫెన్స్ త్రీలు వదిలేసేది.

రికార్డులు పక్కపక్కన పెడితే ఒక సంగతి స్పష్టం. సిరక్యూస్ 2013లో ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) లీగ్‌లోకి, అంటే వర్జీనియా ఆడే లీగ్‌లోకి, వచ్చాక బేహైమ్ ఆ లీగ్ ఒక్కసారీ గెలవలేదు. బెనెట్ సీజన్ టైటిళ్లు ఆరు. సిరక్యూస్ మొదటి ఏడాదే 25-0తో మొదలుపెట్టి, 2014 మార్చి 1న వర్జీనియా చేతిలో 75-56తో ఓడి లీగ్ టైటిల్ వదులుకుంది. నాకౌట్‌కి వస్తే కథ తిరగబడుతుంది. 2016లో పదో సీడ్‌గా ఫైనల్ ఫోర్, 2018లో, 2021లో పదకొండో సీడ్‌గా చివరి 16. 2018లో మిషిగన్ స్టేట్‌ని 55-53తో పడగొట్టారు.

లీగ్‌లో ఎదుటి కోచ్‌కి జోన్ ఏటా కనిపిస్తుంది, విరుగుడు తయారుగా ఉంటుంది. టోర్నీలో మధ్యలో ఒక్కరోజే గ్యాప్. ప్రాక్టీస్‌లో సబ్‌స్టిట్యూట్లని జోన్‌లో నిలబెట్టినా వాళ్లకి ఆ పొడుగు చేతులు రావు. పాక్ లైన్‌లో రహస్యం లేదు, అందరూ ఆడే మ్యాన్‌కి దగ్గరి బంధువే. తప్పులు లేకుండా ఆడటమే దాని బలం, ఆ బలం 30 మ్యాచ్‌ల మీద కనిపిస్తుంది.

ఆ తప్పుల్లేనితనానికి ఏళ్లు పడతాయి. హంటర్‌ని, డియాకిటేని మొదటి ఏడాది మ్యాచ్ ఆడించకుండా రెడ్‌షర్ట్ చేసి తయారుచేశారు. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్లు కాలేజీ మారే పద్ధతి), ఆటగాళ్లకి డబ్బు వచ్చాక ఏడాది బెంచ్ మీద ఓపిగ్గా కూర్చునేవాళ్లు ఎందరు? 2024 అక్టోబర్‌లో, సీజన్‌కి మూడు వారాల ముందు, ఈ కొత్త వాతావరణానికి తాను సరిపోనని చెప్పి బెనెట్ తప్పుకున్నారు. 2025లో వర్జీనియా తెచ్చుకున్న కోచ్ ర్యాన్ ఓడమ్. షార్లట్‌లో ఆ రాత్రి యూఎంబీసీ బెంచ్ దగ్గర నిలబడ్డది ఆయనే. సిరక్యూస్‌లో కూడా బేహైమ్ వెళ్లగానే ఆయన శిష్యుడు ఏడ్రియన్ ఆట్రీ ఎక్కువగా మ్యాన్‌కి మారారు.

మరి ఏది పట్టుకోవాలి?

ఒకే ఆటగాళ్లు మూడేళ్లు ఉండే ప్రోగ్రామ్ అయితే పాక్ లైన్, సందేహం లేదు. అయితే బెనెట్ వేగం మాత్రం వద్దు. ఏటా టీమ్ మారుతుంటే, పొడుగువాళ్లు దొరుకుతుంటే జోన్. పొట్టి గార్డులతో జోన్ మాత్రం చేతులారా ఓటమి కొనుక్కోవడమే.

మన దగ్గర ఇంటర్ యూనివర్సిటీ ఆడే కాలేజీ టీమ్‌కి లెక్క కొంచెం వేరు. ఫీబా నియమాల్లో షాట్ క్లాక్ (షాట్ వెయ్యడానికి ఉన్న గడువు) 24 సెకన్లు, అమెరికా కాలేజీల్లో 30. సగం గీత దాటి, జోన్ చూసి సర్దుకునేసరికి ఎదుటివాళ్లకి మిగిలేది పదిహేను సెకన్లు. రెండు వారాల క్యాంపులో క్లోజౌట్లు కుదరవు కాబట్టి జోన్‌తో బయల్దేరడం నయం. మొదటి మూడు రోజులూ వింగ్ మార్పిడి ఒక్కటే చేయించండి, నాలుగో రోజు నుంచి హై పోస్ట్‌లో ఒక మనిషిని పెట్టి సెంటర్ ఎప్పుడు ముందుకి రావాలో నేర్పండి, ప్రతి షాట్‌కీ ముగ్గురు కిందివాళ్లూ దగ్గరున్నవాడికి వీపు ఆనించాల్సిందే. ఏడాది పొడవునా ప్రాక్టీస్ ఉన్న టీమ్ అయితే రింగ్ కింద ఒకణ్ని నిలబెట్టి, అయిదు మీటర్ల తాడు చేతికిచ్చి, సిమెంటు కోర్టు మీద చాక్‌పీస్‌తో ఆ అర్ధచంద్రం గీయించండి. నలుగురి మీద నలుగురు ఆడేటప్పుడు బాల్ లేనివాడి మీద కాపలా ఉన్నవాడి కాలు ఆ గీత బయట కనిపిస్తే ఆట ఆపి మళ్లీ మొదటినుంచి ఆడించాలి.