ఇండక్షన్ స్టవ్వా, ఇన్‌ఫ్రారెడ్ స్టవ్వా?
పులస పులుసు మట్టి దాకలోనే పెట్టాలనే కోనసీమ వంటింట్లో ఇండక్షన్ పనిచేయదు. దాని రాగి చుట్ట పుట్టించే అయస్కాంత క్షేత్రం ఇనుప అడుగునే వేడెక్కిస్తుంది; మట్టిదో ఇత్తడిదో పెడితే బీప్‌మని ఆగిపోతుంది. గిన్నె అడుగుకి అయస్కాంతం గట్టిగా అతుక్కుంటేనే ఇండక్షన్ కొనండి.

ఇన్‌ఫ్రారెడ్‌లో గాజు పలక కింది తీగ ఎర్రగా కాలి గిన్నెకి వేడినిస్తుంది, అందుకే దేనితో చేసిన గిన్నైనా అడుగు చదునుగా ఉంటే చాలు. దాకైతే సన్న సెగతో మొదలుపెట్టాలి, ఒక్కసారిగా పెంచితే పగులుతుంది. ఆపేశాక కూడా గాజు పలక చాలాసేపు కాలుతుంది, పిల్లలున్న ఇంట్లో అదే భయం. పొంగే పాలు ఇండక్షన్ మీదైతే సెగ తగ్గించగానే దిగుతాయి, దీనిమీద పొయ్యి పాలవుతాయి.

రోజూ పాలకీ అన్నానికీ మా ఓటు ఇండక్షన్‌కే.

ఏదైనా 2000 వాట్లదైతే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ నల్లబడి కరుగుతుంది. 16 ఆంపియర్లదే వాడండి.