గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్: వీఐఏ, పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్షల్లో ఏది మేలు?

ఏ బాధా లేనప్పుడు లోపలి పరీక్ష చేయించుకుందామని ఆసుపత్రికి వచ్చే ఆడవాళ్లు చాలా తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 30–49 ఏళ్ల మహిళల్లో ఈ క్యాన్సర్ స్క్రీనింగ్ ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. ఒకసారి వచ్చినామె మళ్లీ వస్తుందన్న నమ్మకమూ లేదు. అందుకే నేను చూసేది ఒక్కటే: ఎప్పుడో ఒకసారి వచ్చే మనిషికి ఏ పరీక్ష ఎక్కువ కాలం ధీమా ఇస్తుంది?

మన ప్రభుత్వ కేంద్రాల్లో ఎక్కువగా చేసేది వీఐఏ. గర్భాశయ ముఖద్వారానికి పల్చటి అసిటిక్ యాసిడ్ అద్ది, ఒక నిమిషం ఆగి, తెల్ల మచ్చలు వచ్చాయేమో చూస్తారు. ఖర్చు దాదాపు లేదు, ల్యాబ్ అక్కర్లేదు, శిక్షణ పొందిన నర్సు చాలు, ఫలితం అప్పుడే తెలుస్తుంది. కానీ అంతా చూసేవారి కంటి మీదే ఆధారపడుతుంది. ముట్లు ఆగిపోయినవారిలో చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి వారికి ఇది అంతగా పనికిరాదు.

పాప్ స్మియర్‌లో కణాలను తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. మూడేళ్లకోసారి క్రమం తప్పకుండా చేయించుకునే వారికి మంచిదే. ఒక్కసారి చేయించుకుని వదిలేస్తే మాత్రం చాలా కేసులు దొరక్కుండా పోతాయి.

హెచ్‌పీవీ పరీక్ష ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌నే వెతుకుతుంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో సుమారు 1.3 లక్షల మంది మహిళలపై ఈ మూడింటినీ పోల్చారు. 2009లో ఫలితాలు వచ్చాయి. ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్షతోనే ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. మిగతా రెండింటితో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. ముంబైలో మాత్రం వీఐఏను రెండేళ్లకోసారి పట్టుబట్టి చేస్తే మరణాలు 31 శాతం తగ్గాయి. అంటే వీఐఏ పనిచేస్తుంది, కానీ మళ్లీ మళ్లీ చేయాలి.

నా ఓటు హెచ్‌పీవీకే. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్నే ముందు పెట్టింది: 30 ఏళ్ల నుంచి, ఐదు నుంచి పదేళ్లకోసారి. హెచ్‌ఐవీ ఉన్నవారికి 25 నుంచే, ఇంకాస్త తరచుగా. శాంపిల్‌ను ఆమే తీసుకుని ఇవ్వొచ్చు. సిగ్గుతో, భయంతో పరీక్షకు రాని మా అత్తల వయసువారికి ఇంతకంటే పెద్ద సౌకర్యం ఏముంటుంది!

దీనికీ ఇబ్బందులున్నాయి. ఖర్చు ఎక్కువ, ల్యాబ్ కావాలి. పాజిటివ్ వస్తే మరో పరీక్ష కోసం మళ్లీ పిలవాలి. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇంట్లో మొదలయ్యే అనుమానాలు. పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. ఈ వైరస్ శృంగారం ద్వారా సోకేదే అయినా ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు, కాబట్టి ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ తేల్చలేరు. ఎక్కువమందిలో ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. ఈ మాటలన్నీ శాంపిల్ తీసుకునే ముందే ఆమెకు చెప్పాలి. ఫలితం కూడా ముందు ఆమెకే, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాలి.

మీ పీహెచ్‌సీలో వీఐఏ మాత్రమే ఉందా? వయసు 30 దాటి, ఇంకా నెలసరి వస్తుంటే అదే చేయించుకోండి, హెచ్‌పీవీ పరీక్ష అక్కడికి వచ్చేదాకా ఆగొద్దు. హెచ్‌పీవీ టీకా వేయించుకున్నా స్క్రీనింగ్ తప్పదు. కలయిక తర్వాత గానీ, ముట్లు ఆగిపోయాక గానీ రక్తం కనిపిస్తే ఈ మూడింట్లో ఏదని ఆలోచించకుండా నేరుగా గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.