అహోబిలంలో రెండు రోజులు: తొమ్మిది గుళ్ల లెక్క వదిలేసి నడిచాం

అహోబిలం వెళ్లొచ్చామని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే: "తొమ్మిదీ చూశారా?" చూడలేదు. నేను, మా ఆయన రెండు రోజులు ఉండి నవ నారసింహుల్లో నలుగురినే దర్శించుకున్నాం. మిగతా సమయమంతా నల్లమలలో నడిచాం. మళ్లీ వెళ్లినా అలాగే చేస్తాం.

నంద్యాలలో రైలు దిగి, ఆళ్లగడ్డ మీదుగా బస్సులో దిగువ అహోబిలం చేరాం. టూరిజం వాళ్ల హోటల్, మఠం గదులు, సత్రాలు, భోజనం దొరికే చోట్లు ఎక్కువగా ఇక్కడే ఉన్నాయి. అడవి దారులు మాత్రం 8 కిలోమీటర్ల పైన, ఎగువ అహోబిలం దగ్గర మొదలవుతాయి. మొదటి రాత్రి ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. తెల్లవారుజామున వేడినీళ్లు ఇస్తామన్నారు, ఇవ్వలేదు. దుప్పట్లు చెమ్మ వాసన. పొద్దున్నే గది ఖాళీ చేసి ఒక సత్రానికి మారిపోయాం. అక్కడ మంచం, ఫ్యాను, శుభ్రమైన బాత్రూమ్, అంతే. నడిచి వచ్చిన ఒంటికి అంతకంటే ఏం కావాలి? సత్రాల్లో గది కావాలంటే ముందే ఫోన్ చేసి మాట్లాడుకోవాలి. శనివారం, స్వామి జన్మనక్షత్రమైన స్వాతి రోజుల్లో అయితే అప్పటికప్పుడు దొరకడం కష్టం.

బస్టాండు దగ్గరే ఒక జీపు డ్రైవర్ "ఒక్క రోజులో తొమ్మిదీ చూపిస్తా" అని వెంటపడ్డాడు. పెద్దవాళ్లతో వచ్చినవాళ్లకు జీపు అవసరమే, కాదనను. కానీ కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు ఆ తొందరలో పడితే అడవిని చూడకుండానే తిరిగి వెళ్లిపోతారు.

ఎగువ గుడిలో స్వామిని దర్శించుకుని నడక మొదలుపెట్టాం. ఊళ్లోని కుర్రాడొకడు దారి చూపించడానికి వచ్చాడు. భవనాశిని వాగు పక్కనే దారి. క్రోడ నరసింహుడి గుడి దాటాక అసలు రాళ్ల దారి మొదలవుతుంది. "అక్కా, నల్లగా తడిగా ఉన్న రాయి మీద కాలు పెట్టకు, ఎర్రగా పొడిగా ఉన్నదాని మీదే పెట్టు" అన్నాడు. ఆ ఒక్క మాటకే అతనికిచ్చిన డబ్బులు చెల్లిపోయాయి. నడవలేనివాళ్లను డోలీలో మోసుకెళ్లేవాళ్లు ఎదురయ్యారు. ఆ రాళ్ల మీద మనిషిని భుజాన వేసుకుని ఎక్కడం చూస్తే వాళ్లతో బేరమాడటానికి నోరు రాదు.

జ్వాలా నరసింహుడి గుడి కొండచరియ కింద ఉంటుంది. మేం వెళ్లింది వానలు వెనకపట్టిన రోజుల్లో. కొండ పైనుంచి నీళ్లు సన్నటి తెరలా దారి మీదే పడుతున్నాయి. ఆ తెర కిందుగా తడుస్తూ వెళ్లి స్వామి ముందు నిలబడ్డాం. ఎనిమిది చేతులతో హిరణ్యకశిపుణ్ణి చీలుస్తున్న మూర్తి. పక్కనే రక్తకుండం. గుంటలో ఎర్రగా కనిపించే నీళ్లు దోసిట్లోకి తీసుకుంటే తేటగా ఉన్నాయి. మా ఆయన రెండుసార్లు తీసి చూశారు.

దిగేటప్పుడు మాలోల నరసింహుడి దగ్గర ఆగాం. మా అంటే లక్ష్మి, ఆమె మీద ప్రేమతో ఉన్నవాడు మాలోలుడు. పొద్దుట అంత ఉగ్రరూపం చూశాక ఇక్కడ అమ్మవారితో ప్రశాంతంగా కూర్చున్న స్వామిని చూస్తే మనసు చల్లబడింది. ఇద్దరం అరుగు మీద చాలాసేపు మాటల్లేకుండా కూర్చుండిపోయాం. ఆపైన ఎక్కి ప్రహ్లాద బడి కూడా చూశాం.

రెండో రోజంతా ఉగ్రస్తంభానికే. నరసింహుడు చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనని నమ్మకం. ఇది మెట్ల దారి కాదు, బండల మీద నిటారు ఎక్కుడు. చివర్లో చేతులతో పట్టు దొరకబుచ్చుకుంటూ ఎక్కాలి. వాన పడుతుంటే వెళ్లకండి, గైడ్ లేకుండా అసలే వద్దు. ఆ చివరి ఎక్కుడు దగ్గర మా ఆయనకు కళ్లు తిరిగినట్టయింది. "నువ్వు వెళ్లిరా, నేనిక్కడ ఉంటాను" అన్నారు. ఆయన్ని వదిలి వెళ్లడానికి మనసొప్పలేదు. అయినా "మీరు నీడలోనే కూర్చోండి, కదలకండి" అని చెప్పి ఎక్కాను. పైన జెండా, పాదాలు, చుట్టూ కనుచూపు మేర నల్లమల. మొక్కి వెంటనే దిగొచ్చేశాను. ఆయన నా కోసం దాచిన పల్లీ చిక్కీ చేతిలో పెట్టి, పైన ఏముందో ఒక్కొక్కటీ అడిగి చెప్పించుకున్నారు.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు, చేతికర్ర తీసుకెళ్లండి. తినే వస్తువులు చేతిలో పట్టుకుంటే కోతులు లాక్కుంటాయి, సంచిలోనే ఉంచండి. చీకటి పడేలోగా కిందికి చేరిపోవాలి.

పావన నరసింహుడి గుడికి జీపులు వెళ్తాయి, నడక దారీ ఉంది. ఆ నడకను వచ్చే సంక్రాంతి తర్వాతికి దాచుకున్నాం. అప్పటికి పారువేట ఉత్సవం మొదలై స్వామి పల్లకీలో 40 రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలు తిరుగుతుంటాడు. తన పెళ్లికి రమ్మని ఊరూరా తానే పిలవడానికి వెళ్తాడట. ఏ రోజు ఏ ఊళ్లో ఉంటాడో కనుక్కుని ఫోన్ చేస్తానన్నాడు మాకు దారి చూపించిన ఆ తమ్ముడు.