జీఎఫ్ఎస్, యూరోపియన్ మోడల్: ఏ రన్‌ను ఎంత నమ్మాలి?

అమెరికా వారి వాతావరణ అంచనా కంప్యూటర్ మోడల్ జీఎఫ్ఎస్ రోజూ 00, 06, 12, 18 యూటీసీలకు (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) నడుస్తుంది; ఇలా నడిచే ఒక్కో విడతే ఒక రన్. ప్రతిసారీ 16 రోజుల దాకా లెక్కకడుతుంది. గ్రిడ్, అంటే లెక్కకట్టే బిందువుల మధ్య దూరం, సుమారు 13 కి.మీ. యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ కేంద్రం నడిపే యూరోపియన్ మోడల్ గ్రిడ్ 9 కి.మీ. అదీ రోజుకు నాలుగుసార్లే నడుస్తుంది, కానీ 15 రోజుల పూర్తి అంచనా 00, 12 రన్‌లలోనే వస్తుంది.

జీఎఫ్ఎస్ ఫలితాలు రన్ సమయం నుంచి సుమారు మూడున్నర గంటల్లో రావడం మొదలవుతాయి. యూరోపియన్‌వి ఇంకా ఆలస్యం, అయినా ఎదురుచూడొచ్చు. 4డీ-వార్ అనే పద్ధతిలో యూరోపియన్ మోడల్ గంటల తరబడి అందిన ఉపగ్రహ, బెలూన్ కొలతలను ఏది ఏ సమయానిదో ఆ సమయానికే మోడల్‌తో సరిచూసి, ఆరంభ స్థితిని దిద్దుకుంటుంది. ఆరంభంలో దొర్లిన చిన్న తప్పే వారం తిరిగేసరికి తుపాను దారిని మార్చేస్తుంది. అందుకే మూడు రోజులు దాటిన అంచనాకు నా ఓటు యూరోపియన్‌కే.

06, 18 రన్‌లకు బెలూన్ కొలతలు తక్కువ. వాటిలో ఒక్కదాంట్లోనే తుపాను కనిపిస్తే తర్వాతి 00 లేదా 12 రన్ వచ్చేదాకా ఆగండి.